పాత కార్డు వయసు కొత్త కార్డుకు వస్తుందా?

కుటుంబ ఆర్థికం – తల్లిదండ్రుల పేజీ



తొమ్మిది, పది తరగతుల పిల్లలున్న ఇళ్లలో మరి కొన్నేళ్లకు చదువు రుణం మాట తప్పకుండా వస్తుంది. ఆ రుణం పిల్లల పేరు మీద ఉన్నా, సాధారణంగా తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాల్సి ఉంటుంది. అప్పుడే ఇంటర్ పూర్తి చేసిన పిల్లలకు క్రెడిట్ చరిత్ర ఉండదు కాబట్టి బ్యాంకు తెరిచి చూసేది మీ రిపోర్టునే. వాయిదాలు సకాలంలో కట్టారా, ఎంత అప్పు వాడుతున్నారు అన్నవి అందరికీ తెలిసిన అంశాలే. వాటితో పాటు బ్యాంకు చూసే మరో అంశం ఉంది. మీ ఖాతాల వయసు.

ఇక్కడే చాలామందికి ఒక సందేహం వస్తుంది. "నా దగ్గర పన్నెండేళ్ల పాత కార్డు ఉండేది. దాని స్థానంలో కొత్త కార్డు వచ్చింది. రిపోర్టులో చూస్తే ఖాతా ఈ ఏడాదే తెరిచినట్టుంది. పాత తేదీని కొత్త కార్డుకు వేయించుకోవచ్చా?"

దీనికి జవాబు రెండు ముక్కల్లో చెప్పవచ్చు. నిజంగా కొత్తగా తెరిచిన ఖాతాకు పాత తేదీ రాదు. కానీ అదే ఖాతా కొత్త నంబరుతో కొనసాగుతున్నా, రిపోర్టులో కొత్త ఖాతాగా నమోదై ఉంటే అది పొరపాటు. దాన్ని సరిచేయించుకునే హక్కు మీకుంది. మీది ఈ రెండింటిలో ఏదో తెలుసుకోవడమే అసలు పని.

కార్డు వేరు, ఖాతా వేరు

మన జేబులో ఉండే ప్లాస్టిక్ ముక్క కార్డు. బ్యాంకు పుస్తకాల్లో మన పేరు మీద ఉండే లెక్క ఖాతా. గడువు తీరినప్పుడు కార్డు మారుతుంది, ఖాతా మారదు. ఇల్లు మారినా మనిషి పుట్టిన తేదీ మారనట్టే ఇదీ. క్రెడిట్ రిపోర్టులో 'డేట్ ఓపెన్డ్' అని కనిపించేది కార్డు ముద్రించిన తేదీ కాదు, ఖాతా తెరిచిన తేదీ.

మన దేశంలో ఈ వివరాలను నాలుగు సంస్థలు భద్రపరుస్తాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఇవన్నీ 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం కింద, రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలో పనిచేస్తాయి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఖాతా తేదీని వీళ్లు సొంతంగా రాయరు. బ్యాంకు పంపిన తేదీనే చూపిస్తారు. కాబట్టి తేదీ తప్పయితే దాన్ని ఒప్పుకుని దిద్దాల్సింది ముందుగా బ్యాంకే.

వయసు లెక్క: ఏడో తరగతి సగటు చాలు

పిల్లలు ఏడో తరగతిలో నేర్చుకునే సగటు ఇక్కడ పనికొస్తుంది. ఒకరికి మూడు ఖాతాలున్నాయి అనుకుందాం. పాత కార్డుకు 14 ఏళ్లు, రెండో కార్డుకు 6 ఏళ్లు, బండి రుణానికి ఏడాది. మొత్తం 21, సగటు 7 ఏళ్లు.

ఇప్పుడు ఆయన మరో కొత్త కార్డు తీసుకున్నారు. దాని వయసు సున్నా. మొత్తం 21 ఏళ్లే, కానీ ఖాతాలు నాలుగు. సగటు ఐదేళ్ల మూడు నెలలకు దిగింది. అదే కొత్త కార్డుకు పాత కార్డు తేదీ వేస్తే? మొత్తం 35, సగటు ఎనిమిదేళ్ల తొమ్మిది నెలలు. కొత్త అప్పు తీసుకున్నా వయసు పెరిగినట్టు కనిపిస్తుంది. తేదీ మీద ఇంత ఆసక్తి ఎందుకో ఈ లెక్క చెబుతుంది.

అలాగని వయసే అన్నీ కాదు. అమెరికాలో విరివిగా వాడే ఫైకో స్కోరులో ఖాతాల వయసుకు 15 శాతం ప్రాధాన్యం. సకాలంలో చెల్లింపుకు 35 శాతం, వాడుతున్న అప్పుకు 30 శాతం. మన దేశపు స్కోర్ల సూత్రం వేరే అయినా క్రమశిక్షణతో కట్టడమే అన్నింటికన్నా పెద్ద అంశం. వయసు దాని తర్వాతే.

పాత తేదీ వేసే పద్ధతి ఎక్కడిది?

ఈ ఆలోచన గాలిలోంచి పుట్టలేదు. అమెరికాలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ చాలాకాలం ఈ పని నిజంగానే చేసింది. ఆ సంస్థ కార్డు మీద 'మెంబర్ సిన్స్' అని ఒక సంవత్సరం ముద్రించి ఉంటుంది. ఆ సంస్థతో మీ పరిచయం మొదలైన సంవత్సరం అది. ఒకరు 1999లో మొదటి కార్డు తీసుకుని, 2010లో అదే సంస్థ నుంచి మరో కార్డు తీసుకుంటే, ఆ రెండో ఖాతా తెరిచిన సంవత్సరాన్ని కూడా 1999గానే క్రెడిట్ సంస్థలకు తెలియజేసేవారు. నిన్న మొన్న తెరిచిన ఖాతా పదకొండేళ్ల ఖాతాగా కనిపించేది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలోనూ ఈ సౌకర్యం తెలిసినవారు ఉన్నారు. పాత కార్డు మూసేసినా పరవాలేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్తది తీసుకుని పాత సంవత్సరం వేయించుకోవచ్చు అన్న ధీమా అప్పట్లో ఉండేది.

2015లో ఆ సంస్థ కొత్త ఖాతాలకు ఈ పద్ధతిని ఆపేసింది. 'మెంబర్ సిన్స్' సంవత్సరం కార్డు మీద గౌరవ చిహ్నంగా మిగిలింది. క్రెడిట్ రిపోర్టుకు మాత్రం ఖాతా అసలు తేదీయే వెళుతుంది. కాబట్టి పాత సలహాలు విని, కార్డు మీద పాత సంవత్సరం చూసి, రిపోర్టులోనూ అదే ఉంటుందనుకోవద్దు.

మన దగ్గర ఎదురయ్యే సందర్భాలు

గడువు తీరి కొత్త కార్డు వచ్చింది: ఖాతా అదే. తేదీ మారకూడదు.

కార్డు పోయింది లేదా మోసం జరిగిందని బ్లాక్ చేయించారు: బ్యాంకు కొత్త నంబరుతో కార్డు ఇస్తుంది. బాకీ, లిమిట్, పాయింట్లు అన్నీ కొత్త నంబరుకు బదిలీ అవుతాయి. నంబరు మారింది కానీ ఒప్పందం మారలేదు. ఇక్కడ కొత్త తేదీ కనిపిస్తే అడగాల్సిందే. పాత నంబరు, కొత్త నంబరు రెండూ తెరిచి ఉన్న ఖాతాలుగా కనిపిస్తుంటే ఇంకా త్వరగా అడగాలి. ఒకే అప్పును రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉంటుంది.

అప్‌గ్రేడ్ చేశారు: జాగ్రత్తగా చూడాల్సిన సందర్భం ఇది. పాత ఖాతాలోనే కార్డు రకం మార్చడం ఒక పద్ధతి. పాతది మూసి కొత్త ఖాతా తెరవడం మరో పద్ధతి. ఫోన్‌లో రెండింటినీ 'అప్‌గ్రేడ్' అనే అంటారు. రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం మీ స్పష్టమైన అంగీకారం లేకుండా కార్డును అప్‌గ్రేడ్ చేయకూడదు. అంటే 'సరే' అనేముందు ప్రశ్న అడిగే అవకాశం మీ చేతిలో ఉంది. "ఇది అదే ఖాతానా, కొత్త ఖాతానా? రిపోర్టులో తెరిచిన తేదీ మారుతుందా?" ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

బ్యాంకే మారింది: మన రాష్ట్రాల్లో చాలా ఇళ్లకు ఇది అనుభవమే. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు, దేశంలో తొలిరోజుల్లోనే క్రెడిట్ కార్డులు ఇచ్చిన బ్యాంకుల్లో ఒకటి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. సిటీ బ్యాంకు మన దేశంలో నడిపిన కార్డుల వ్యాపారం 2023 మార్చి 1న యాక్సిస్ బ్యాంకుకు వెళ్లింది. ఇలాంటి మార్పుల్లో లక్షల ఖాతాలు ఒక కంప్యూటర్ వ్యవస్థ నుంచి మరోదానికి వెళతాయి. మీ ఖాతా వాటిలో ఉంటే, తేదీ సరిగ్గా వచ్చిందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

కార్డు మూసేసి, కొన్నేళ్లకు అదే బ్యాంకులో మళ్లీ తీసుకున్నారు: ఇది కొత్త ఖాతాయే. బ్యాంకు ఎంత పాత పరిచయమైనా తేదీ కొత్తదే. దీనిమీద ఫిర్యాదు చేసి ప్రయోజనం లేదు.

తేదీ తప్పుగా ఉంటే ఏం చేయాలి?

మొదటి మెట్టు – రిపోర్టు తెప్పించుకోండి. నాలుగు సంస్థల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. ఆయా సంస్థల వెబ్‌సైట్‌లోనే నేరుగా తీసుకోండి. మీ రిపోర్టును మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు.

రెండో మెట్టు – ఆధారాలు వెతకండి. పాత కార్డు వచ్చినప్పటి లేఖ, పాత స్టేట్‌మెంట్లు, కార్డు బ్లాక్ చేసినప్పుడు వచ్చిన మెసేజ్, అప్‌గ్రేడ్ గురించి వచ్చిన ఈమెయిల్. పాత నంబరు నుంచి కొత్త నంబరుకు బాకీ బదిలీ అయిన నెల స్టేట్‌మెంట్ దొరికితే చాలా బలమైన ఆధారం. పాత ఈమెయిల్ పెట్టెలో బ్యాంకు పేరుతో వెతికితే తరచుగా దొరుకుతాయి.

మూడో మెట్టు – బ్యాంకుకు రాయండి, క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లోనూ వివాదం నమోదు చేయండి. రెండూ ఒకేసారి చేయవచ్చు. క్రెడిట్ సంస్థ మీ ఫిర్యాదును బ్యాంకుకు పంపుతుంది. బ్యాంకు ఒప్పుకుంటేనే తేదీ మారుతుంది. ఇందుకు రుసుము లేదు.

బ్యాంకుకు రాసే లేఖ పొడవుగా ఉండనక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"నా క్రెడిట్ కార్డు ఖాతాను ఫలానా సంవత్సరంలో తెరిచాను. ఫలానా తేదీన కార్డు పోయినందున, చివరి నాలుగు అంకెలు ఫలానాగా ఉన్న కొత్త కార్డును మీరు పంపారు. నేను కొత్త ఖాతాకు దరఖాస్తు చేయలేదు. బాకీ, లిమిట్ పాత కార్డు నుంచే బదిలీ అయ్యాయి. కానీ క్రెడిట్ రిపోర్టులో ఖాతా తెరిచిన తేదీ ఫలానాగా కనిపిస్తోంది. దయచేసి అసలు తేదీని నాలుగు క్రెడిట్ సంస్థలకూ తిరిగి తెలియజేయండి. ఇది నిజంగా కొత్త ఖాతా అని మీరు భావిస్తే, నేను సంతకం చేసిన దరఖాస్తు ప్రతిని పంపండి."

చివరి వాక్యం ముఖ్యం. బ్యాంకు 'కుదరదు' అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా రికార్డు తెరిచి చూడాల్సి వస్తుంది. పూర్తి కార్డు నంబరు, పిన్, ఓటీపీ మాత్రం లేఖలో ఎక్కడా రాయకండి.

నాలుగో మెట్టు – గడువు లెక్కపెట్టండి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోగా పరిష్కారం కావాలి. ఆ గడువు దాటితే రోజుకు ₹100 చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందుకే ఫిర్యాదు నంబరు, తేదీ తప్పక రాసిపెట్టుకోండి.

అయిదో మెట్టు – అంబుడ్స్‌మన్. 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి బ్యాంకులతో పాటు క్రెడిట్ సమాచార సంస్థలు కూడా దీని పరిధిలోకి వచ్చాయి. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

చదువు రుణానికి దరఖాస్తు చేసే నెలలో ఈ పని పెట్టుకుంటే సమయం చాలదు. సీటు వచ్చాక రుణం కోసం ఉండే రోజులు తక్కువ. కనీసం ఆరు నెలల ముందే రిపోర్టు చూసుకోండి.

'తేదీ మార్పిస్తాం' అనేవారితో జాగ్రత్త

స్కోరు పెంచుతాం, పాత తేదీ వేయిస్తాం అంటూ డబ్బు అడిగేవారు ఉంటారు. నిజంగా తప్పు ఉంటే మీరే ఉచితంగా సరిచేయించుకోవచ్చు. తప్పు లేకపోతే ఎవరూ మార్చలేరు. ఆధార్, పాన్, ఓటీపీ వాళ్ల చేతిలో పెడితే స్కోరు పెరగడం అటుంచి, మీ పేరుతో కొత్త అప్పులు పుట్టే ప్రమాదం ఉంది.

పాత కార్డు మూసేముందు

తేదీ తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఉన్న తేదీని కాపాడుకోవడం తేలిక.

మూసిన ఖాతా చరిత్ర ఆ రోజే మాయమైపోదు. క్రెడిట్ సంస్థలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలి. కానీ లిమిట్ మాత్రం వెంటనే పోతుంది. పాత కార్డు లిమిట్ ₹2,00,000, కొత్త కార్డు లిమిట్ ₹50,000 అనుకుందాం. జూన్‌లో ఫీజు, పుస్తకాలు, యూనిఫాం కలిపి ₹40,000 కార్డు మీద కట్టారు. రెండు కార్డులూ ఉంటే వాడకం 16 శాతం. పాతది మూసేస్తే అదే ₹40,000 ఇప్పుడు 80 శాతం. ఖర్చు పెరగలేదు, అయినా అప్పుల ఒత్తిడిలో ఉన్నట్టు రిపోర్టు చెబుతుంది.

వార్షిక రుసుము భారమైతే, మూసేముందు అదే ఖాతాను రుసుము లేని కార్డుగా మార్చమని అడగండి. ఒప్పుకుంటే వయసూ లిమిటూ నిలుస్తాయి.

వాడకుండా బీరువాలో పెట్టినా ఇబ్బందే. ఏడాదికి మించి వాడని కార్డును, మీకు తెలియజేసి, 30 రోజుల్లో మీరు స్పందించకపోతే బ్యాంకు మూసేయవచ్చు. అందుకే మూడు నెలలకోసారి ఫోన్ రీఛార్జ్ లాంటి చిన్న ఖర్చు ఆ కార్డు మీద చేసి, బిల్లు పూర్తిగా కట్టేయండి. బ్యాంకు దగ్గర మీ ప్రస్తుత ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉన్నాయో లేదో చూసుకోండి. పాత నంబరుకు వెళ్లిన హెచ్చరిక మీకు చేరదు.

ఇంట్లో కార్డుల వల్ల ఖర్చు అదుపు తప్పుతోందని మీకు అనిపిస్తే మాత్రం వయసు గురించి ఆలోచించకుండా మూసేయండి. మంచి స్కోరు కోసం అప్పు మోయడం ఏ లెక్కలోనూ లాభం కాదు. మూసేయమని అడిగాక, బాకీ లేకపోతే బ్యాంకు ఏడు పని దినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు ₹500 మీకు చెల్లించాలి.

అమెరికా వెళ్లే పిల్లల సంగతి

ఇక్కడ మీకు ఇరవై ఏళ్ల మంచి చరిత్ర ఉన్నా, అక్కడ అడుగుపెట్టిన మీ అబ్బాయికి, అమ్మాయికి చరిత్ర సున్నా నుంచే మొదలవుతుంది. ఫైకో స్కోరు రావాలంటే కనీసం ఆరు నెలల వయసున్న ఒక ఖాతా ఉండాలి. ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, కారు రుణం కావాలన్నా ఆ స్కోరు అడుగుతారు.

పాత తేదీ వేసే పద్ధతి పోయింది కాబట్టి మొదటి ఖాతా ఎంత త్వరగా, ఎంత ఆలోచించి తెరిస్తే అంత మంచిది. వార్షిక రుసుము లేని కార్డు తీసుకోమనండి, దాన్ని మూయవద్దనండి. సాధారణ కార్డు రాకపోతే డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డు ఉంది. అక్కడే ఉన్న బాబాయి, పిన్ని లాంటి దగ్గరి బంధువులు తమ కార్డులో అదనపు వినియోగదారుగా చేర్చుకుంటే, చాలా కార్డుల విషయంలో ఆ ఖాతా చరిత్ర పిల్లల రిపోర్టులోనూ కనిపిస్తుంది. అయితే బిల్లు బాధ్యత కార్డు అసలు యజమానిదే. ఆయన కట్టడం ఆలస్యమైతే ఆ మచ్చ పిల్లల రిపోర్టుకూ అంటవచ్చు. అందువల్ల క్రమం తప్పక కట్టేవారి కార్డయితేనే మేలు. ముక్కూ మొహం తెలియనివారి పాత ఖాతాలో డబ్బిచ్చి పేరు చేర్పించుకునే బేరాలకు మాత్రం దూరంగా ఉండమని చెప్పండి.

ఈ ఆదివారం ఇంట్లో చేయదగిన పని

మీ రిపోర్టు ఒకటి తెప్పించి, ప్రతి ఖాతా తెరిచిన సంవత్సరాన్ని ఒక కాగితం మీద రాయండి. ఏడో తరగతి, ఆపై పిల్లలుంటే సగటు వయసు వాళ్లనే లెక్కగట్టమనండి. తర్వాత ఒక ప్రశ్న అడగండి. "ఇంకో ఖాతా తెరిస్తే సగటు ఎంతకు దిగుతుంది?" పుస్తకంలోని సగటు ఇంటి లెక్కలో ఎలా పనిచేస్తుందో వాళ్లకు కళ్లకు కడుతుంది. అప్పు అంటే తిరిగి కట్టాల్సిన మాట అని కూడా అదే సమయంలో చెప్పవచ్చు.

గుర్తుంచుకోవాల్సినవి

– కొత్త ఖాతాకు పాత తేదీ రాదు. అదే ఖాతా కొనసాగుతుంటే పాత తేదీయే ఉండాలి.
– అప్‌గ్రేడ్‌కు 'సరే' అనేముందు ఖాతా అదేనా అని రాతపూర్వకంగా అడగండి.
– ఏడాదికోసారి ఉచిత రిపోర్టు తీసుకుని 'డేట్ ఓపెన్డ్' చూడండి.
– తప్పుంటే బ్యాంకుకూ క్రెడిట్ సంస్థకూ ఒకేసారి రాయండి. 30 రోజుల గడువు గుర్తుపెట్టుకోండి.
– పాత కార్డును మూడు నెలలకోసారి వాడి, బిల్లు పూర్తిగా కట్టండి.
– పాత స్టేట్‌మెంట్లను పిల్లల మార్కుల జాబితాలంత భద్రంగా దాచండి. పిల్లల సీటు ఖాయమైన రోజున వాటి అవసరం రావచ్చు.